మేడమీద రెండో రౌటరు

టెలిఫోను శాఖలో ముప్పై ఆరేళ్లు పనిచేసి దిగిపోయాను. స్తంభాలెక్కాను, గోతులు తవ్వాను, గోదావరి పొంగినప్పుడు నడుము లోతు నీళ్లలో నిలబడి కేబుళ్లు అతికించాను. ఆ కబుర్లు ఎవరైనా అడిగితే పొద్దుగూకేదాకా చెప్పగలను. కానీ ఎవరూ అడగరు. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన వాళ్లు నన్ను ఎక్కడ పట్టుకున్నా అడిగేది ఒక్క ఇంటి గురించే. "కెమెరాలో చూసేసిందటగా అండీ, నిజమేనా?" అంటారు. నిజమే. ఆ మాట వినగానే ఇప్పటికీ నా కుడిచేతి చూపుడువేలు చల్లబడిపోతుంది. ఇన్నాళ్లూ తల ఊపి తప్పించుకున్నాను. ఈసారి మొత్తం రాసేస్తున్నాను, మీకు పనికొస్తుందని కొంత, నా బరువు దింపుకుందామని కొంత.

అప్పటికి నా రిటైర్మెంటుకి అయిదు నెలలుంది. రాగితీగలు పోయి ఫైబరు గాజుతీగలు వచ్చాయి. ఫోను పలికితే చాలనుకునే రోజులు పోయి, ఇంట్లో ఇంటర్నెట్ ఒక పూట ఆగితే మన పీక పట్టుకునే రోజులు వచ్చాయి. పీక పట్టుకోవడం అని మాటవరసకి అన్నాను. కోనసీమలో అలాంటిదేం ఉండదు. "పర్లేదండీ, మీ వీలు చూసుకుని రండి, ఆయ్" అంటారు. నేనూ ఈ గడ్డమీద పుట్టినవాణ్ణే. ఆ మాటకి అర్థం నాకు పుట్టుకతోనే తెలిసుండాలి. తెలియలేదు.

రాజోలు దగ్గర ఒక ఊళ్లో, కాలవ గట్టు దిగి లోపలికి వెళ్తే, కొబ్బరితోటల మధ్య ఒక కొత్త మేడ. ఇంటాయన తాపీమేస్త్రి. నలభై అయిదేళ్లుంటాయి. భార్య కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తోంది, అప్పటికి పదకొండేళ్ల నుంచి. పిల్లల్లేరు. ఆమె అక్కణ్ణుంచి డబ్బు పంపింది, ఆయన ఇక్కడ తన చేతుల్తో కట్టుకున్నాడు. ఇల్లు మొదలుపెట్టాక ఆమెకి సెలవు దొరకలేదు. అంటే తన కష్టంతో లేచిన ఇంట్లో ఆమె ఇంకా కాలు పెట్టలేదు. అందుకని నాలుగు కెమెరాలు పెట్టించుకుంది. గేటుకొకటి, అరుగు మీదొకటి, హాల్లో ఒకటి, మేడమీద ఒకటి. దొంగల భయంతో పెట్టించినవి కావు. ఆ ఇంటిని ఆమె చూసుకునే దారి అదొక్కటే. ఆయన పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకుని అరుగు కెమెరా ముందు నిలబడి చెయ్యి ఊపేవాడు. ఆమె అక్కడ పొయ్యి ముందు నిలబడి నవ్వుకునేదట.

కనెక్షన్ ఆమె పేరుమీదే ఉంది కాబట్టి ఫిర్యాదూ ఆమే ఇచ్చింది. మా ఆఫీసులో ఎవరి దగ్గరో నా నంబరు సంపాదించి నాకే ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, నమస్కారమండీ. కెమెరాలు ఒకసారి వస్తున్నాయండీ, ఒకసారి రావట్లేదండీ. మీకు వీలైతేనే చూడండి."

గొంతు సన్నగా ఉంది. వెనకాల ఎవరో పిల్లలు వాళ్ల భాషలో అరుస్తున్నారు. మర్నాడే వెళ్లాను.

మొదటిరోజు నేను చేసిన పని చెప్తే మీరు నవ్వుతారు. నేను లైన్ల మనిషిని. నా కళ్లు ముందు వీధిలోనే తిరుగుతాయి. వాళ్ల తోటలో ఎండు కొబ్బరిమట్ట ఒకటి పడి మా తీగ మీద వాలి ఉంది. ఇంకేం, దొంగ దొరికాడు అనుకున్నాను. మట్ట తీయించి, తీగ సరిచేసి, హాల్లో ఉన్న మా రౌటరు పెట్టెని ఒకసారి ఆపి మళ్లీ వేశాను. నాలుగు కెమెరాలూ వచ్చేశాయి. ఆయన కాఫీ ఇచ్చాడు. చిక్కటి కాఫీ, స్టీలు గ్లాసు నిండా. ఆయనే కలిపాడు. కెమెరాకేసి చెయ్యి ఊపి, "కనపడుతున్నానా?" అని ఫోన్లో అడిగాడు. నేను ఛాతీ విరుచుకుని ఇంటికెళ్లాను. సాయంత్రం కరెంటు పోయి వచ్చింది, కెమెరాలు పోయాయి.

రెండోసారి వెళ్లినప్పుడు హాల్లో పెట్టెనే మార్చేశాను. దానికి మూడు వైర్లు గుచ్చి ఉన్నాయి. ఒకటి గోడలోంచి పైకి వెళ్తోంది.

"ఇదేంటి తమ్ముడూ?"

"పై కెమెరాకండీ" అన్నాడు.

"ఇంట్లో కొత్తగా ఏమీ కదపలేదు కదా?"

"అబ్బే, ఏం లేదండీ."

ఆ ప్రశ్న మళ్లీ చదువుకోండి. కదపలేదు కదా అని అడిగితే మర్యాద తెలిసిన మనిషి కదిపానండీ అని ఎలా చెప్తాడు? నాకు కావలసిన జవాబు నేనే చేతికిచ్చాను, ఆయన దాన్ని నాకు తిరిగి ఇచ్చాడు.

ఆ రోజే ఇంకొకటి జరిగింది. నేను పెట్టె బిగిస్తుంటే ఆయన మెట్లమీద కూర్చుండిపోయాడు. ఎడమవైపు ఛాతీ అరచేత్తో రుద్దుకుంటున్నాడు. మొహం మీద చెమట.

"ఏం తమ్ముడూ, ఒంట్లో బాగాలేదా?"

"పర్లేదండీ. గ్యాసండీ. పొద్దున్న పెసరట్టు తిన్నాను."

నేను సరేనన్నాను. నాకూ పెసరట్టు పడదని చెప్పి, ఉప్పు శనగలు నమలమని సలహా కూడా ఇచ్చాను. నా పెట్టెలో పచ్చలైటు వెలిగిందా లేదా అన్నదే నా ధ్యాస. వెలిగింది. కాఫీ తాగి వచ్చేశాను. మర్నాడు కరెంటు పోయింది, మళ్లీ మామూలే.

ఆ తరవాత ఆమె రోజూ ఫోన్ చేసేది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. "మీకు శ్రమ ఇస్తున్నానండీ" అనేది. అది వినడం కన్నా తిట్టించుకోవడం నయం. ముప్పై ఆరేళ్ల సర్వీసు ఒక్క ఇంట్లో రెండు పెట్టెల దగ్గర తేలిపోయింది అనిపించింది నాకు. నిజంగానే రెండు పెట్టెలున్నాయని అప్పటికి నాకు తెలియదు, చూడండి.

అది కనిపెట్టింది మా ఆఫీసులో జూనియర్ ఇంజినీరు, నా కూతురి వయసు పిల్ల. బుధవారం సాయంత్రం ఆమె ముందు కూర్చుని నా గోడు వెళ్లబోసుకున్నాను. అంతా విని, "సార్, ఆ ఇంట్లో ఇంకో రౌటరు ఉంది" అంది.

"లేదమ్మా. అడిగాను."

"మనిషిని అడిగారు. వైరుని అడగండి సార్. పైకి వెళ్లిన వైరు ఎక్కడ ఆగిందో చూశారా?"

చూడలేదు. ఆమె కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. ఇంట్లో ఉన్న ఫోన్లకీ కెమెరాలకీ తలా ఒక నంబరు ఇచ్చేది రౌటరు. వీధికి పోస్టుమాను ఒక్కడే ఉండాలి. ఇద్దరుంటే, అందులోనూ ఇద్దరూ ఒకే పేరు పెట్టుకుని తిరిగితే, ఉత్తరాలు ఎవరి చేతిలో పడతాయో చెప్పలేం. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కెమెరాలు మళ్లీ నంబరు అడుగుతాయి. అసలు పెట్టె ముందు పలికితే పని చేస్తాయి, రెండోది పలికితే బయటికి దారి దొరకదు. రెండోదాని పేరు మార్చి, నంబర్లు పంచే అధికారం తీసేస్తే చాలు. పది నిమిషాల పని. నేను పది రోజుల నుంచి స్తంభాలెక్కుతున్నాను.

గురువారం పొద్దున్న పదకొండు దాటాక ఆ ఇంటికి వెళ్లాను. ముందుగా ఫోన్ చేయలేదు. తెలివైనవాడి మొహం పెట్టుకుని వెళ్లాలని సరదా పడ్డాను.

అరుగు మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఇంటాయన అక్కగారట. కళ్లు ఎర్రగా ఉన్నాయి. జలుబు చేసిందేమో అనుకున్నాను. అరుగు కింద చెప్పుల జతలు చాలా ఉన్నాయి. లోపలి గదిలో ఆడవాళ్లు ఉన్నట్టున్నారు, మాటల చప్పుడు లేదు.

"తమ్ముడు లేడా అమ్మా?"

"లేడండీ. కాకినాడ వెళ్లేడండీ."

"పర్లేదు. నెట్ సంగతి చూడ్డానికొచ్చాను. ఇవాళ తేల్చేస్తాను."

ఆవిడ లేచి నిలబడింది. "తొందరేం లేదండీ, లైన్‌మేన్‌గారూ. శనివారం చూద్దురుగానిలెండి."

"శనివారం దాకా ఎందుకమ్మా? రోగం దొరికింది."

"ఇప్పుడొద్దులెండి. మీకు శ్రమ."

"శ్రమేముంది, నా ఉద్యోగం. మీ మరదలుగారు రోజూ నాకు ఫోన్ చేస్తున్నారు. ఇవాళ కూడా చేయకపోతే ఆవిడకి నా మొహం చూపించలేను."

ఆవిడ నాకేసి ఒక చూపు చూసింది. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇంకోసారి "తొందరేం లేదండీ" అంది. మొత్తం మూడుసార్లు ఆపింది. నేను చెప్పులు విప్పి మేడమెట్లు ఎక్కేశాను. ఎక్కుతూ ఒక సంగతి గమనించాను. ఆ ఇంట్లో మొదటిసారి నాకెవరూ కాఫీ ఇస్తామనలేదు. నిజం చెప్తున్నాను, కాస్త నొచ్చుకున్నాను కూడా. పొయ్యి వెలిగించని ఇల్లు అంటే ఏమిటో మన దేశంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాకు తట్టలేదు.

మేడమీద గదిలో, ఇంకా సున్నం వెయ్యని అలమరలో, సిమెంటు సంచి కింద దాచి పెట్టి ఉంది రెండో రౌటరు. మస్కట్ నుంచి వచ్చిన స్నేహితుడెవరో ఇచ్చాడని తరవాత తెలిసింది. మేడమీదికి సిగ్నల్ అందక, భార్యకి ఆ గది సరిగా కనపడట్లేదని పెట్టాడట. సొంత పెట్టె పెడితే డిపార్ట్‌మెంటు వాళ్లు కోప్పడతారని ఎవరో చెప్పారట. అందుకని నాకు చెప్పలేదు. నేను కోప్పడే మనిషిలా కనిపించానేమో.

జూనియర్ ఇంజినీరు రాసిచ్చిన కాగితం ముందు పెట్టుకుని చెప్పినట్టే చేశాను. కిందికి దిగి హాల్లో మా పెట్టె ఆపి వేశాను. మీటలన్నీ ఉన్న బోర్డు హాలు గుమ్మం పక్కనే. పచ్చలైట్లు వెలిగాయి. ఎంత సంతోషమో! వెంటనే కువైట్‌కి ఫోన్ కలిపాను. రెండో రింగుకే ఎత్తింది.

"చూడమ్మా ఇప్పుడు."

"ఉండండన్నయ్యగారూ... వస్తున్నాయండీ! నాలుగూ వస్తున్నాయండీ! మీరు కనపడుతున్నారు. నీలం చొక్కా వేసుకున్నారు."

నేను ఇంటాయన లాగే హాల్లో కెమెరాకేసి చెయ్యి ఊపాను. దానికి ఆమె నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

"వదినగారు ఎప్పుడొచ్చేరండీ? నాకు చెప్పలేదే. అరుగు కింద అన్ని చెప్పులున్నాయేంటండీ?"

నేను దాటుకుని వచ్చిన చెప్పులవి. ఆ దేశంలో కూర్చుని ఆమె ఒక్క చూపులో పట్టుకుంది.

"ఆయనెక్కడండీ?"

"కాకినాడ వెళ్లారట."

"కాకినాడెందుకండీ? నిన్నట్నుంచి ఫోన్ ఎత్తట్లేదు. నెట్ లేదని వదినగారు మెసేజ్ పెట్టేరు."

నేను గుమ్మంలోంచి అక్కగారికేసి చూశాను. ఆవిడ అరుగు స్తంభాన్ని పట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని, నాకేసి తల అడ్డంగా ఊపుతోంది. అప్పటికి కూడా నాకు ఏమీ తెలియలేదు. మళ్లీ కెమెరాకేసి తిరిగాను, గేటుకి నా వీపు ఉంది.

"అన్నయ్యగారూ" అంది ఫోన్లో ఆమె. "గేటు దగ్గర ఆ తెల్ల వ్యానేంటండీ?"

వెనక్కి తిరిగాను. వ్యాను తలుపు తీస్తున్నారు. ఇంటాయన అన్నగారు ముందు దిగాడు, తలకి తువ్వాలు చుట్టుకుని. తరవాత ఇంకో ముగ్గురు. తరవాత స్ట్రెచరు మీద తెల్లగుడ్డ.

ఆ క్షణంలో అన్నీ ఒకేసారి తెలిశాయి. ఎర్రటి కళ్లు, చెప్పులు, వెలగని పొయ్యి, శనివారం. నెత్తిమీద ఎవరో పెద్దబండతో కొట్టినట్టు నిలబడిపోయాను. అక్కగారు అప్పుడు మర్యాద వదిలేసి అరిచింది.

"ఆపేయండి! ఆపేయండి బాబూ, మీకు దణ్ణం పెడతాను, ఆ పిల్ల చూస్తుంది, ఆపేయండి!"

నా చెయ్యి తనంతట తానే వెళ్లింది. చూపుడువేలు మీట మీద ఆనింది. నొక్కితే చాలు, పెట్టె ఆగిపోతుంది, నాలుగు కెమెరాలూ పోతాయి.

"ఆ చెయ్యి తియ్యండి."

చెవి దగ్గర ఆమె గొంతు. సన్నటి గొంతు కాదు అది.

"మీ వేలు నాకు కనపడుతోంది. ముట్టుకోకండి. నేను చూస్తున్నాను."

తీసేశాను. ఎంతసేపు పట్టిందో తెలియదు.

తరవాత తెలిసిన సంగతి ఇది. మంగళవారం సాయంత్రం ఆయనకి నొప్పి ఎక్కువైతే కాకినాడ తీసుకెళ్లారు. గురువారం తెల్లవారుజామున పోయాడు. ఆమె పెత్తల్లి కూతురు ఒకావిడ కువైట్‌లోనే ఇంకో ఇంట్లో పని చేస్తోంది. ఆవిడకి శుక్రవారమే సెలవు. శుక్రవారం వెళ్లి, పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పేదాకా ఈమెకి తెలియకూడదని అందరూ అనుకున్నారు. పరాయి ఇంట్లో, ఒక్కత్తే వంటింట్లో నిలబడి ఈ మాట వింటే ఏమైపోతుందో అని వాళ్ల భయం. అది దుర్మార్గం కాదు. ఆ వీధిలో సగం ఇళ్లకి కువైట్‌లో మనుషులున్నారు. ఏడిస్తే వీధికి తెలుస్తుంది, వీధికి తెలిస్తే కువైట్‌కి తెలుస్తుంది. అందుకే లోపల ఆడవాళ్లు కొంగులు నోట్లో పెట్టుకుని కూర్చున్నారు. నెట్ పాడవ్వడం దేవుడి మేలు అనుకున్నారట. నాకు చెబుదామంటే, ఆమె నాకు రోజూ ఫోన్ చేస్తుందని నా నోటితో నేనే చెప్పాను. నాకు చెప్పడమంటే ఆమెకి చెప్పడమే.

ఫోన్లో ఏడుపు వినపడలేదు. కుళాయిలోంచి నీళ్లు పడుతున్న చప్పుడు వినపడుతోంది. ఆమె దాన్ని కట్టెయ్యడం మరిచిపోయినట్టుంది. అది అలా పడుతూనే ఉంది.

అన్నగారు వచ్చి నా చేతిలో ఫోనూ, గోడమీద కెమెరా చూశాడు. ఆయనకి అర్థమైంది. ఇంటాయన్ని అరుగుమీద పడుకోబెట్టారు.

"ముఖం కనపడట్లేదండీ" అంది ఆమె. "ఇటు తిప్పమనండి."

నేను పైకే చెప్పాను. లోపల్నుంచి ఎవరో పెద్దాయన, "తల దక్షిణానికే ఉండాలి, మార్చకూడదు" అన్నాడు. అన్నగారు నాకేసి చూశాడు. మనిషిని తిప్పకూడదు, సరే. కెమెరాని తిప్పడానికి శాస్త్రం అడ్డు రాదు కదా. నా సంచీలో స్క్రూడ్రైవరు తీశాను. విప్పుతుంటే స్క్రూలు కింద పడ్డాయి, అక్కగారే ఏరి ఇచ్చింది. అరుగు కెమెరాని గోడ నుంచి విప్పి, ఎదుటి స్తంభానికి మా తీగతోనే కట్టాను.

"ఇప్పుడమ్మా?"

"గెడ్డం గీయలేదండీ" అంది. "రెండ్రోజులైనట్టుంది."

అప్పుడు ఏడ్చింది. ఆమె ఏడుపు ఫోన్లో మొదలయ్యాక ఇక్కడ లోపలి గదిలో ఆడవాళ్లు కొంగులు తీసి ఏడ్చారు. వీధిలో వాళ్లంతా వచ్చారు. వచ్చినవాళ్లు శవం దగ్గర ఆగి, తరవాత కెమెరాకేసి చూసి, దానికి చేతులు జోడించి వెళ్లారు. అలా చేయమని ఎవరూ చెప్పలేదు.

రెండింటికి కరెంటు పోయింది. నా బండి బ్యాటరీ విప్పి తెచ్చి, హాల్లో పెట్టెకీ ఆ ఒక్క కెమెరాకీ కలిపి, దాని పక్కనే కూర్చున్నాను. పాడె లేచేదాకా కదల్లేదు. గేటు దాటాక ఆమెకి ఏమీ కనపడదు. "వెళ్లిపోయేరా?" అని అడిగింది. "వెళ్లిపోయారమ్మా" అన్నాను. అందరితో పాటు కాలవలో మునిగి తడిబట్టలతోనే ఇంటికొచ్చాను.

ఆ పెత్తల్లి కూతురు శుక్రవారం దాకా ఆగకుండా వాళ్ల యజమానిని బతిమాలుకుని ఆ సాయంత్రమే ఆమె దగ్గరికి వెళ్లిందట.

మర్నాడు ఆఫీసులో ఫిర్యాదు మూసెయ్యాలి. మూయకపోతే పైనుంచి అడుగుతారు. జూనియర్ ఇంజినీరు నా మొహం చూసి తనే మూసేస్తానంది. వద్దని నేనే నొక్కాను. మనం నొక్కగానే కస్టమర్ ఫోన్‌కి దానంతటదే ఒక మెసేజ్ పోతుంది, మీకు తెలుసు. మీ సమస్య పరిష్కారమైంది, మా సేవతో సంతృప్తి చెందితే ఒకటి నొక్కండి అని. నొక్కాకగానీ ఆ సంగతి గుర్తు రాలేదు. కుర్చీలోంచి లేచిపోయి బయట మెట్లమీద కూర్చున్నాను. నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను.

బ్యాటరీ తెచ్చుకోవడానికి వెళ్తే అన్నగారు, "మీరేం చేస్తారులెండి, మీ డ్యూటీ మీరు చేసేరు" అన్నాడు. నా చెంప పగలగొట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు. ఆ తరవాత ఆ వీధిలో పని పడితే ఇంకొకర్ని పంపించేవాణ్ణి. రిటైర్మెంటు రోజున దండ వేసి, పొరపాటు ఎరగని మనిషి అని ఎవరో మాట్లాడారు. తల ఎత్తలేకపోయాను.

దిగిపోయిన కొన్నాళ్లకి ఫోన్ వచ్చింది. ఈసారి మన దేశం నంబరు.

"అన్నయ్యగారూ, ఇంటికొచ్చేనండీ. నెట్ బాగానే ఉందండీ. ఒకసారి రాగలరా?"

వెళ్లకుండా ఉండటానికి సాకులు వెతికాను. దొరకలేదు. గేటు తీస్తుంటే పైన కెమెరా నాకేసి చూస్తోంది. ఆమె అరుగుమీదికి వచ్చింది. ఆమెని చూడటం అదే మొదటిసారి. నన్ను మాత్రం ఆమె చూసింది కదా, ఆ రోజంతా. చిన్న మనిషి, బక్కపలచగా ఉంది. ఆ గొంతు ఈమెదేనా అనిపించింది. అరుగు కెమెరా ఇంకా స్తంభానికే ఉంది. నా తీగ కట్టు అలాగే ఉంది.

"కూర్చోండి. మిమ్మల్ని ఒకటి అడుగుదామని పిలిచేనండీ."

"అడగమ్మా."

"ఆ రోజు మీ వేలు స్విచ్చి మీదుందండీ. నేను తియ్యమనకపోతే ఆపేసేవారా?"

లేదమ్మా, ఎందుకాపుతాను అనే మాట నోటిదాకా వచ్చింది. ముప్పై ఆరేళ్ల అలవాటది.

"ఆపేసేవాణ్ణమ్మా" అన్నాను.

నేను ఆగలేకపోయాను. రెండోసారి వచ్చిన రోజున ఆయన మెట్లమీద కూర్చుని ఛాతీ రుద్దుకున్నాడనీ, గ్యాసంటే నమ్మి ఉప్పు శనగలు తినమన్నాననీ, అప్పుడే బండెక్కించి ఆసుపత్రికి తీసుకుపోవాల్సిందనీ, ఎవరికీ చెప్పని సంగతి మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను.

"నాకూ గ్యాసనే చెప్పేరండీ" అంది ఆమె. "కెమెరాలో చూసేను. చెయ్యి ఇక్కడ పెట్టుకున్నారు. ఏంటీ అన్నాను. ఏం లేదన్నారు. ఆయ్ అనేసి పనిలో పడిపోయేను."

కాలవలో పడవ మోటారు చప్పుడు వినపడి వెళ్లిపోయింది. ఆమె లేచి లోపలికెళ్లి కాఫీ తెచ్చింది. అదే స్టీలు గ్లాసు. ఒక గుక్క తాగాను. అందులో పంచదార లేదు.

అలవాటు ప్రకారం చాలా బాగుందమ్మా అనబోయాను. గ్లాసు కింద పెట్టాను.

"పంచదార వెయ్యడం మరిచిపోయావమ్మా."

ఆమె గ్లాసుకేసి చూసింది, నాకేసి చూసింది. నవ్వొచ్చింది ఆమెకి.

"ఆయనైతే తాగేసేవారండీ" అంది. "బాగుందని చెప్పి మొత్తం తాగేసేవారు."

నవ్వుతూనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. చాలాసేపు తియ్యలేదు. నేను వంటింట్లోకి వెళ్లి పంచదార డబ్బా వెతికి తెచ్చాను.